కప్పుమీది తీగ లోనికి వచ్చు దారి

(మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



భాషను గూర్చియు, పండుగలను గూర్చియు ప్రసంగములు వినుటకు అలవడిన ఈ సభలో, బండి కప్పుమీది క్యారియరునుండి లోనికి తెచ్చు విద్యుత్తు తీగను గూర్చి మాటలాడుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని మన కుటుంబములలో అనేకులకు బండియే జీవనాధారము. కొందరు యాత్రికులను గొనిపోవు వ్యానులు నడుపుచున్నారు. కొందరు మరమ్మతు షెడ్లు పెట్టుకొని యున్నారు. తక్కినవారము పెండ్లిండ్లకును, తిరుమల దర్శనమునకును, సరిహద్దు కావలనున్న బంధువుల యిండ్లకును రాత్రివేళ ప్రయాణము చేయువారమే. వెనుక సీట్లలో పిల్లలు, పెద్దలు నిద్రించుచుండగా వారి తలలపైని గుడ్డ చాటున పోవు తీగ ఎట్టిదో, ఎచ్చట లోనికి వచ్చినదో, దానికి కాపుదల కలదో లేదో తెలిసికొనుట ఇంటి యజమానికి విధి యని నా మనవి.

మోటారు వృత్తి మనకు క్రొత్తది కాదు. కోయంబత్తూరు సీమలో తెలుగు కుటుంబమున 1893లో జన్మించిన జి. డి. నాయుడుగారు 1920లో పొల్లాచి, పళని ఊళ్ల నడుమ ఒక్క బస్సుతో ప్రారంభించి పెద్ద రవాణా సంస్థను నిర్మించిన సంగతి ఇచ్చటి పెద్దలకు నేను చెప్పవలసిన పని లేదు. యంత్రమును నమ్ముకొనుటకు ముందు దానిని అర్థము చేసికొనవలెనని ఆ తరమువారు ఎరుగుదురు. ఆ వైఖరితోనే నేటి చిన్న విషయమును పరిశీలింతము.

ఇప్పుడు బండి కప్పుమీదికి అనేక వస్తువులు ఎక్కుచున్నవి. అదనపు దీపములు, సామాను దింపునపుడు వెలుగునిచ్చు వెనుక దీపము, కెమెరా, రేడియో ఏరియలు, సూర్యరశ్మితో విద్యుత్తునిచ్చు సోలారు పలక, ఇట్టివన్నియు క్యారియరుకు బిగింపబడుచున్నవి. వీనిలో ప్రతిదానికిని తీగ కావలెను. దీపమును ఎన్నుకొనుటకు నాలుగు దుకాణములు తిరిగినవారు కూడ ఆ తీగ ఏ దారిన వచ్చునని అడుగుటలేదు. పని చేయు కుఱ్ఱవాడు తనకు సులువైన సందులోనుండి దానిని లాగివేయును. దీపము వెలిగినది కదా యని మనము సంతోషింతుము. ఆ సందులో జరుగు కీడు వెంటనే కనబడదు. మొదటి వానకాలము గడచిన పిదప, లేక పది వేల కిలోమీటర్ల కుదుపు తిన్న పిదప బయటపడును.

ఈ తీగకు శత్రువులు మూడు: నీరు, ఒరపిడి, మితిమీరిన విద్యుత్ప్రవాహము. నీరు లోనికి వచ్చి ఇనుమును తుప్పు పట్టించును, స్విచ్చిని చెడగొట్టును. ఒరపిడి తీగపై తొడుగును అరగదీసి లోని రాగిని బండి ఇనుముకు తగిలించును. అట్లు తగిలిన క్షణమున బ్యాటరీ నుండి వందల ఆంపియర్ల ప్రవాహము పుట్టి, అడ్డు లేనిచో తీగను ఎఱ్ఱగా కాల్చును. పైకప్పు గుడ్డ, సీటు స్పాంజి వెంటనే అంటుకొను వస్తువులు. కావున తీగ దారిని నిర్ణయించుటయన ఈ మూటికి చోటు లేకుండ చేయుటయే.

అన్నింటికంటె ముందు వేసికొనవలసిన ప్రశ్న యొకటి కలదు. ఆ తీగ అసలు లోనికి రావలసియున్నదా? దీపముల విషయమున చాల సందర్భములలో అక్కరలేదు. లావు తీగలను క్యారియరునుండి ముందు అద్దపు అంచువెంట వెలుపలనే దింపి బానెట్టు క్రిందికి తేవచ్చును. అచ్చట రిలే అను చిన్న పెట్టెను అమర్చుదురు. దానికి సాధారణముగా నాలుగు కాళ్లు. 30 అను అంకె గల కాలికి బ్యాటరీ నుండి ఫ్యూజు ద్వారా వచ్చు తీగ, 87కు దీపమునకు పోవు తీగ, 85, 86 కాళ్లకు లోని చుట్టను పనిచేయించు సన్నని తీగలు తగిలింపవలెను. ఆ చుట్టకు చాలునది ఆంపియరులో అయిదవ వంతు లోపు ప్రవాహమే. కావున డ్రైవరు చెంతనున్న స్విచ్చికి వచ్చునది సన్నని తీగ మాత్రమే. అది కంపెనీవారి తీగల కట్ట ఇంజను గది నుండి లోనికి వచ్చు రబ్బరు బిళ్ల గుండ వచ్చును. కప్పునకు రంధ్రము చేయు అవసరమే రాదు. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల యని పెద్దలు చెప్పినది ఇచ్చట అక్షరాల వర్తించును.

కెమెరా, ఏరియలు, లోపలి బ్యాటరీని నింపు సోలారు పలక, ఇవి మాత్రము లోనికి రాక తప్పదు. అందులకు నాలుగు దారులు కలవు.

మొదటిది తలుపు బీడింగు దారి. తలుపు చుట్టును ఉండు మెత్తని రబ్బరు క్రిందుగా సన్నని తీగను లోనికి జొనుపుట. తాత్కాలికమునకు ఇది చాలును. కాని తలుపు మూసినప్పుడెల్ల తీగ నలుగును. గొళ్లెము పడు వైపున ఎన్నడును పోనీయరాదు. కీలు వైపున తలుపు కదలిక తక్కువ గనుక ఆ మూలనే ఎన్నుకొనవలెను. గుండ్రని లావు తీగ రబ్బరును పైకెత్తును, దాని రెండు ప్రక్కల సందు మిగులును, ఆ సందున వాన దూరును. ఇందుకొక సులభమైన పరీక్ష: తీగ ప్రక్కన ఒక కాగితపు ముక్కనుంచి తలుపు మూసి లాగిచూడుడు. బిగువుగా వచ్చినచో రబ్బరు పట్టుచున్నదని అర్థము. జారి వచ్చినచో నీరును జారి వచ్చును.

రెండవది డిక్కీ తలుపు దారి. వ్యానులలోను, వెనుక తలుపు గల కార్లలోను ఆ తలుపునకు, బండి కప్పునకు నడుమ ముడుతల రబ్బరు గొట్టమొకటి యుండును. వెనుక అద్దపు వైపరుకు, నంబరు పలక దీపమునకు పోవు తీగలు దాని లోపలనే పోవును. కప్పుమీది తీగను పైనున్న బ్రేకు దీపపు రబ్బరు అంచు చెంత తలుపులోనికి దింపి, అచ్చటినుండి ఈ గొట్టముగుండ లోనికి తేవచ్చును. కంపెనీవారే నీరు రాకుండ కట్టిన దారి గనుక, ఇది నాకు మిక్కిలి నచ్చినది. అయితే తలుపు తీసినప్పుడెల్ల తీగ వంగును. అందుచేత సన్నని పోగులు చాల గల మెత్తని తీగ వాడి, కొంత వదులు విడువవలెను. తీగ దూరనిచో సబ్బునీరు రాయవలెను గాని నూనెగాని, గ్రీజుగాని రాయరాదు. వానిచే రబ్బరు ఉబ్బి చెడును.

మూడవది పాత ఏరియలు రంధ్రము. కప్పుమీద కంపెనీవారు చేసిన రంధ్రము ఉన్నచో, ఏరియలును తీసివేసి దాని స్థానమున తీగను బిగించి పట్టు గ్లాండు అను మరమూతను అమర్చవచ్చును. ఇనుమును క్రొత్తగా కోయనక్కరలేదు.

నాలుగవది కప్పునకు క్రొత్త రంధ్రము చేయుట. వేరు దారి లేనప్పుడే దీనికి పూనుకొనవలెను. ముందుగా లోపలి గుడ్డను దింపి, క్రింద అడ్డ కమ్మిగాని, వేరు తీగలుగాని లేవని కన్నులార చూడవలెను. నీరు నిలుచు పల్లమున చేయరాదు. కప్పు రేకుపై ఎత్తుగానున్న చోటనే చేయవలెను. రంధ్రపు అంచును ఆకురాయితో నునుపు చేసి, ప్రైమరు, రంగు పూసి ఆరనిచ్చిన పిదపనే గ్లాండును బిగింపవలెను. డ్రిల్లు నుండి రాలిన ఇనుప పొట్టును కప్పుమీద ఒక్క రేణువు లేకుండ తుడువవలెను. లేనిచో అది తుప్పుపట్టి రంగును మరకలు చేయును. అతికించుటకు సిలికాన్ ముద్ద వాడువారు దాని వాసన చూడవలెను. పులుపు సారా వలె ఘాటుగా వాసన వచ్చు రకము ఆరునపుడు ఆమ్లమును విడుచును. అది ఇనుమును, రాగిని తినివేయును. ఆ వాసన లేని తటస్థ రకమును అడిగి తీసికొనవలెను.

కప్పున తెరచు అద్దము గల కార్లలో నాలుగు మూలల నుండి వాన నీరు పోవుటకు సన్నని గొట్టములు దిగియుండును. తీగకు ఇది మంచి దారి యని కొందరు తలంతురు. అది పొరపాటు. తీగ పోయిన గొట్టమున చెత్త చిక్కి నీరు ఆగును. ఆగిన నీరు సీట్లమీదికి వచ్చును.

ఇక నీటి స్వభావమును గూర్చి రెండు మాటలు. నీరు తీగ పట్టుకొని దాని వెంట నడచును. కావున తీగ రంధ్రమును చేరుటకు ముందు దానికంటె క్రిందికి ఒకసారి వ్రేలాడి, పిదప పైకెక్కి లోనికి పోవలెను. అప్పుడు బొట్టు ఆ వంపు అడుగున రాలిపోవును. ఇంటి గోడలోనికి విద్యుత్తు తీగను తెచ్చువారు చేయు వంపే ఇది. కప్పుమీద అంత లోతు దొరకనిచో, వెనుకకు నోరుగల టోపీ వంటి మూతను రంధ్రముపై అమర్చవలెను; ముందునుండి కొట్టు వాన అందులోనికి పోదు.

నీటికి మరియొక దారి కలదు. ప్రమిదలోని నూనె ఒత్తి పట్టుకొని పైకి ఎక్కుట మన యిండ్లలో అందరును చూచినదే. సన్నని రాగి పోగులు కలసిన తీగ కూడ అట్టి ఒత్తియే. కప్పుమీద దాని కొన తెరచియున్నచో నీరు తొడుగు లోపలనే ప్రాకి, మీటర్ల దూరమున నున్న స్విచ్చిలో బయటపడును. వెలుపల ఎచ్చటను తడి కనబడదు గనుక కారణము తెలియదు. అందుచేత కప్పుమీద అతుకులు పెట్టరాదు. తప్పనిచో రబ్బరు బిళ్లలు గల నీరుచొరని ప్లగ్గును వాడవలెను. దాని వలన క్యారియరును దింపునపుడు తీగను సులభముగా విడదీయవచ్చును గూడ.

లోనికి వచ్చిన తీగను ఎటు నడిపింపవలెను? ముందు అద్దమునకు ఇరువైపులనున్న స్తంభముల వెంటనో, కప్పు గుడ్డ అంచువెంటనో దింపుట వాడుక. ఇచ్చట నేటి కార్లలో పెద్ద జాగ్రత్త యొకటి కలదు. పలు కార్లలో ప్రక్క కిటికీల పైన, కప్పు గుడ్డ చాటున, ప్రమాదమున తెర వలె దిగు ఎయిర్ బ్యాగులు మడచి యుంచబడినవి. తీగ వానికి అడ్డముగా పోరాదు. ముందు వైపున కట్టిన తీగ, ఆ సంచి విచ్చుకొను క్షణమున దానిని అడ్డగింపవచ్చును, లేక తానే ముఖమునకు కొట్టవచ్చును. సంచికి వెనుకగా, కంపెనీవారి తీగల కట్టకే దీనిని కలిపి కట్టవలెను. పసుపు రంగు ప్లగ్గులు, తొడుగులు సాధారణముగా ఈ సంచులవి, వానిని తాకరాదు. అట్లే విద్యుత్ బండ్లలో నారింజ రంగు తీగలు ప్రాణాంతకమైన హెచ్చు ఓల్టేజి గలవి. వాని చెంతకు పోవలదు. అట్టి బండ్లలోను దీపములకు వేరుగా 12 ఓల్టుల బ్యాటరీ యుండును.

ఒరపిడి నుండి కాపాడుటకు తీగకు నల్లని ముడుతల గొట్టమును తొడిగి, జానెడు జానెడు దూరమున కట్టవలెను. రేకు గుండ పోవు ప్రతి చోటను రబ్బరు బిళ్ల యుండవలెను. క్యారియరుమీద తీగను నడుమ పరువరాదు. పెట్టెలు జరుపువారి కాళ్ల క్రిందను, మోకుల క్రిందను అది నలుగును. ప్రక్క కమ్మి అడుగున పోనిచ్చుట మేలు. ఇండ్లలో వాడు ఒంటి పోగు తీగ బండికి పనికిరాదు, కుదుపునకు విరుగును. నల్లని టేపు ఎండకు కరగి జిగురై విడిపోవును గనుక, వేడికి ముడుచుకొను స్లీవును వాడుట మంచిది.

ఇప్పుడు ఫ్యూజును గూర్చి. ఫ్యూజు దీపమును కాపాడుటకే యని పలువురు అనుకొందురు. అది ప్రధానముగా తీగను కాపాడుటకు. కావున అది దీపము చెంత నున్నచో లాభము లేదు. బ్యాటరీకి జానెడు దూరములోనే యుండవలెను. బ్యాటరీకి, ఫ్యూజుకు నడుమనున్న తీగకు ఏ కాపుదలయు లేదు గనుక ఆ భాగము ఎంత పొట్టిదైన అంత మేలు. సోలారు పలక విషయమున మరియొక సంగతి గుర్తుంచుకొనవలెను. బ్యాటరీని విడదీసినను, ఎండ యున్నంతసేపు పలక నుండి వచ్చు తీగలో విద్యుత్తు ఉండును. పని చేయుటకు ముందు పలకపై గుడ్డ కప్పవలెను.

తీగ లావును ఊహతో నిర్ణయింపరాదు. 60 వాట్ల దీపములు రెండు అనుకొందము. మొత్తము 120 వాట్లు. 12 ఓల్టులచే భాగించినచో 10 ఆంపియర్లు. బ్యాటరీ నుండి కప్పునకు 6 మీటర్లు, తిరిగి 6 మీటర్లు, వెరసి 12 మీటర్ల తీగ. 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగ వాడినచో దారిలోనే సుమారు 2.4 ఓల్టులు పోవును. అనగా 24 వాట్లు తీగలో వేడిగా మారును. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగలో పోవునది దాదాపు 1 ఓల్టు. 4 చదరపు మిల్లీమీటర్ల తీగలో 0.6 ఓల్టు మాత్రమే. తంతువు గల దీపములలో ఓల్టేజి పదవ వంతు తగ్గినచో వెలుగు దాదాపు మూడవ వంతు తగ్గును. దీపము మసకగా నున్నదని పెద్ద దీపము కొనువారు ముందు తీగను చూడవలెను. ఈ లెక్కకు 4 చదరపు మిల్లీమీటర్ల తీగ, 15 ఆంపియర్ల నీలి రంగు ఫ్యూజు తగియుండును. లారీలలో, పెద్ద బస్సులలో 24 ఓల్టులు గనుక అదే వాట్లకు ప్రవాహము సగమే యగును. దీపములు మాత్రము 24 ఓల్టులవే కావలెను.

ఫ్యూజు పోయినప్పుడు సిగరెట్టు పెట్టెలోని వెండికాగితమును చుట్టి తగిలించు అలవాటు మన షెడ్లలో ఒకప్పుడు ఉండెడిది. దానికి బదులు నేడు 30 ఆంపియర్ల ఫ్యూజును గ్రుచ్చువారు కలరు. రెండును ఒకటే. ఫ్యూజు పోవుట హెచ్చరిక. ఆ హెచ్చరిక నోరు మూసినచో తరువాత కాలునది తీగయే. నిద్రించు కుటుంబముతో పోవు బండిలో ఈ పని చేయనిచ్చుట క్షమింపరానిది.

ఎర్తు విషయమున పాత అనుభవము క్రొత్త బండ్లకు చెల్లదు. 2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడరు వంటి కార్లకు కప్పు అంచున నీటి కాలువ యుండెడిది. క్యారియరు ఇనుప కాళ్లు దానిని గట్టిగా పట్టుకొని రంగును గీరుకొనుటచే, ఒక్కొక్కప్పుడు క్యారియరే ఎర్తుగా పనిచేసెడిది. నేటి క్యారియరు కాళ్ల క్రింద రబ్బరు దిండ్లు ఉన్నవి. అది ఎర్తు కానేరదు. కావున దీపమునుండి రెండు తీగలను తేవలెను. ఎర్తు తీగను బ్యాటరీ చెంత బండి దేహమునకు, రంగు గీకిన చోట, బిగింపవలెను. క్రొత్త కార్లు కొన్నింటిలో బ్యాటరీ ఋణ ధ్రువముపై ప్రవాహమును కొలుచు పరికరము ఉండును. తీగను నేరుగా ఆ ధ్రువమునకు తగిలించినచో ఆ లెక్క తప్పును.

చట్టమును గూడ మరువరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను బండిని ఇష్టానుసారము మార్పు చేయుటను అదుపు చేయుచున్నది. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములలో 111వది, అసాధారణ పరిస్థితులలో రిజిస్ట్రేషను అధికారి ముందస్తు అనుమతితో తప్ప, బండి ముందు భాగమున స్పాట్ లైటును, సెర్చ్ లైటును అమర్చరాదని చెప్పుచున్నది. రాష్ట్రముల సరిహద్దులు దాటి తరచు పోవు మనకు ఇది అనుభవమున పనికివచ్చు మాట. ఎదుటి డ్రైవరు కన్నులను చీకట్లు క్రమ్మించు దీపము మనకు వెలుగు చూపినను రహదారిపై అపాయమే.

పనిని స్వయముగా చేయనివారు షెడ్డులో అయిదు ప్రశ్నలు అడిగిన చాలును. తీగ ఎచ్చట లోనికి వచ్చుచున్నది? నీరు రాలు వంపు ఉన్నదా? ఫ్యూజు ఎచ్చట, ఎన్ని ఆంపియర్లది? ఎర్తు ఎచ్చట బిగించినారు? ఎయిర్ బ్యాగుకు తీగ అడ్డము రాలేదు కదా? ఈ అయిదింటికి వ్రేలితో చూపి జవాబు చెప్పగలవాడే పని తెలిసినవాడు. పిదప దీపములను అరగంట వెలిగించి, తీగను, ఫ్యూజు పెట్టెను చేతితో తాకి చూడవలెను. వేడి తగిలినచో లోపము కలదు. కప్పుపై పది నిమిషములు నీరు పోయించి, లోపలి గుడ్డను తడిమి చూడవలెను. ఆరు మాసములకొకసారి, ముఖ్యముగా వానలకు ముందు, కట్లను, రబ్బరు బిళ్లలను పరీక్షింపవలెను.

ఇందులో ఖర్చు స్వల్పము. రబ్బరు బిళ్ల, ఫ్యూజు, రెండు మూరల గొట్టము, వీని వెల దీపపు వెలతో పోల్చదగినది కాదు. కావలసినది ఒక పూట ఓపిక. షెడ్లలో పని నేర్చుకొనుచున్న మన యువకులు ఈ ఓపికను అలవరచుకొని, తీసికొనిపోవు బండి యజమానికి తీగ దారిని చూపి అప్పగించు ఆచారమును పాటింతురు గాక. సంఘ భవనము ముందు నిలిచియున్న వ్యానులను సభానంతరమున ఎవరైన చూపదలచినచో, వానిలోని తీగలను కలసి పరిశీలించుటకు నేను సిద్ధముగా నున్నాను.